ముగ్గురాయి మింగిన పెట్రోలు ట్యాంకు

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను. మా అమ్మ చదివీ చదివీ అట్ట ఊడగొట్టిన బైబిలు నా ఎడమచేతి కింద ఉంది, కుడిచేత్తో రాస్తున్నాను, ఇందులో ఒక్క మాటైనా నేను కల్పించి ఉంటే ఈ రాసే చెయ్యి ఇక్కడికిక్కడే పడిపోవాలి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం లేకపోలేదు. కోడూరు నుంచి కడప దాకా నన్ను ఎరిగినవాళ్ళు, టైమెంతయిందో నేను చెప్పినా పక్కవాణ్ణి మరోసారి అడిగి గానీ నమ్మరు. ఆ పేరు నాకు ఎలా వచ్చిందన్నది వేరే సంగతి, ఈ సంగతి మాత్రం నిజం.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక మా మేనల్లుడి మోటారుసైకిలు గేటు ముందే ఆగిపోయింది. ఎదురుగా ఉన్న షాపులోని మెకానిక్కు వచ్చి, ట్యాంకు మూత తీసి, ఫోను లైటు లోపలికి కొట్టి చూసి, తుప్పు పట్టింది, కొత్త ట్యాంకు వేసుకోండి అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మేనల్లుడు సరేనన్నాడు, అక్కడే నిలబడి ఫోనులోనే కొత్తది తెప్పించుకునే ఏర్పాటు కూడా చేసేశాడు. నేను మాత్రం ఆ ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళు ఈ ముసలాయనకు పెట్రోలు పీల్చే అలవాటుందేమో అనుకునేదాకా అలాగే ఉండిపోయాను. నిలవ పెట్రోలు, ఇనప తుప్పు కలిసిన ఆ వాసన నా వయసువాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాకైతే ఆ వాసన తగిలితే ఒక ఎండాకాలం గుర్తొస్తుంది, మా ఇంటిల్లిపాది ఊపిరి ఒక ఇనప డబ్బాలో ఇరుక్కుపోయిన ఎండాకాలం.

మా నాయన మంగంపేటలో ఒక ముగ్గురాయి గని ఓనరు ఇంట్లో డ్రైవరు. నేను అదే గనిలో కాటా దగ్గర, లారీల బరువు చూసే పనిలో కొత్తగా చేరాను. ముగ్గురాయిని, అదే బెరైటీసును, చూడనివాళ్ళ కోసం చెబుతాను, పైకి మామూలు బూడిదరంగు రాయే, ఎత్తబోతే మాత్రం అది భూమిని పట్టుకొని విడవనంటోందేమో అనిపిస్తుంది, అంత బరువు. మా ఇంటి ముందర ఒక కోడిపెట్ట నూకలనుకొని ఆ రాయి ముక్క ఒకటి మింగి, కూర్చున్నచోటు నుంచి సాయంత్రం దాకా లేవలేకపోయింది, చివరకు మా అమ్మ దాన్ని గంపతో సహా ఎత్తి లోపల పెట్టింది. ఇది కూడా ఒట్టు కిందికే వస్తుంది.

మా నాయన తోలే కారు, ఓనరు వాళ్ళ నాయన కొన్న పాత అంబాసిడరు. ఒకప్పుడు మీగడ రంగట, నేనెరిగేనాటికి మా ఊరి మట్టి రంగు. పొద్దున తాళంచెవి తిప్పేముందు మా నాయన తలమీది తువ్వాలు తీసి, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకునేవాడు. అదే వేళకు ఓనరు తల్లి, ఊరంతా పెద్దవ్వ అని పిలిచే ఆమె, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించేది. ఇద్దరి దేవుళ్ళకూ తగాదా రాకుండా ఆ కారు అన్నేళ్ళూ నడిచింది. తరవాత ఓనరు జీపు కొన్నాడు, జీపుతోపాటు దానికొక కుర్ర డ్రైవరూ వచ్చాడు. కారు షెడ్డులో నిలబడిపోయింది. మా నాయనకు ఇంకో బండి మీద చెయ్యి కుదరలేదు, జీపు గేర్లు తన మాట వినవని ఆయనే ఒప్పుకునేవాడు. రోజూ పోయి నిలబడ్డ కారునే తుడిచి, సీట్లు దులిపి, సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు పాస్టరు గారికి తప్ప ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆయన డ్రైవరే, నేను డ్రైవరు కొడుకునే. కారు పోతే ఆయన్ను ఏమని పిలుస్తారో మాకెవరికీ తోచేది కాదు.

ఆ ఎండాకాలం, గండికోట పక్కన మిట్టమీద ఉన్న పెద్దవ్వ పుట్టింటి ఊళ్ళో, ఏళ్ళ తరబడి ఆగిపోయిన దేవర, అదే ఊరి అమ్మవారి జాతర, మళ్ళీ చేస్తున్నారని కబురొచ్చింది. పెద్దవ్వ తాను పోతే ఈ కారులోనే పోతానంది, జీపు ఎత్తుగా ఉంటుంది, కాలు పైకి లేవదు. ఓనరు మా నాయనను పిలిపించాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది, ఎంతో మెత్తగా అన్నాడు.

"ఏమప్పా, దేవరకు అమ్మను దీంట్లోనే తీస్కపో. మిట్ట ఎక్కిందా, బండి మనింట్లోనే ఉంటాది, నువ్వూ ఉంటావు. యాడన్నా నిలబడిందనుకో, ఆడ్నుంచి ఆడికే కడపలో పాత ఇనుముకు తోలేస్తా. నువ్వు కూడా శానా కష్టపడినావు, ఇంటికాడ కాలు సాపుకొని కూసో."

మా నాయన తల ఊపాడు. ఆ తల ఊపడంలో ఏముందో నాకు ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. అన్నం ముందు కూర్చొని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచిపోయాడు.

మర్నాడు కారు బయటికి తీశాడు. మామిడితోపు దాకా పోయి దగ్గి ఆగింది. మా నాయన బానెట్టు ఎత్తాడు. పెట్రోలు పంపు కింద చిన్న గాజు గిన్నె ఉంటుంది, అందులో ఇటుకపొడి లాంటి ఎర్రటి మడ్డి నిండి ఉంది. గిన్నె కడిగి, గొట్టానికి నోరు పెట్టి పీల్చి, ఎర్రగా ఉమ్మి, మళ్ళీ తోలాడు. వంక దాకా పోయింది, మళ్ళీ గిన్నె నిండింది. వానే పడని సీమలో తుప్పు ఎక్కడిదని అడగకండి. సగం ఖాళీగా నిలబడ్డ ట్యాంకులో పగలు కాగిన గాలి తెల్లవారుజామున చల్లబడి లోలోపలే చెమట పడుతుంది, ఆ చెమట చాలు. ఆ పూట మేమిద్దరం కారును తోసుకుంటూ ఊళ్ళోకి వస్తుంటే, ఎవరైనా అడుగుతారేమోనని మా నాయన తువ్వాలు ముఖానికి అడ్డంగా చుట్టుకున్నాడు.

డిక్కీలోంచి ట్యాంకు ఊడదీసి మా ఇంటికి తెచ్చుకున్నాం. వెల్డింగు షాపతను దాని వాసన చూసి, అన్నా దీని దగ్గరికి నిప్పు తెచ్చేది నాతో కాదు, నాకు పెండ్లి కావల్ల ఇంకా, అని చేతులు జోడించాడు. కొత్త ట్యాంకు కోసం కడపలో అడిగితే, ఈ మోడలుకు ఇప్పుడు రావడం లేదన్నారు. ఇక ఆ తుప్పును మేమే తీయాలి. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఎవరికైనా ప్రార్థన అవసరం ఉందా అని అడిగితే, ఎన్నడూ నోరెత్తని మా నాయన లేచి నిలబడ్డాడు. ఇనప ట్యాంకు కోసం ప్రార్థించమనడానికి నోరు రాక, ఇంట్లో ఒకరికి కడుపులో బాగలేదయ్యా అన్నాడు. సంఘమంతా కళ్ళు మూసుకొని ప్రార్థించింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆడవాళ్ళు గంజి చెంబులతో, బార్లీ నీళ్ళతో మా అమ్మను పరామర్శించడానికి రావడం మొదలుపెట్టారు. వాకిట్లో బోర్లించిన ట్యాంకు పక్కన నిలబడి మా అమ్మ, నా కడుపు బాగానే ఉండాది తల్లీ, కడుపు చెడింది ఈడ, అని దాన్ని చూపిస్తూ వచ్చింది. నేను ఆ గంజి తాగుతూ నవ్వాను, మా నాయన నవ్వలేదు. దేవర దగ్గరపడుతోంది.

అప్పుడొచ్చాడు మా మేనమామ. ఆయన గనిలో మందు పేల్చే మనిషి, ఆ చప్పుళ్ళకు చెవులు మొద్దుబారి, తన మాట తప్ప ఎవరి మాటా వినపడని స్థితికి ఎప్పుడో చేరుకున్నాడు. చింతపండు రసం పోసి, గట్టి రాళ్ళు వేసి ఆడిస్తే తుప్పు రాలుతుందని మా నాయనకు తెలుసు, లారీల వాళ్ళు చేసే పనే అది. ఏ రాళ్ళన్నదే ప్రశ్న. మామ కళ్ళు మెరిశాయి.

"మన రాయి పెట్టుకొని వేరే రాయి ఎందుకు బావా? లోకంలో దీనికన్నా బరువు రాయి ఉండాదా? ఒక్క దెబ్బకు తుప్పంతా గీక్కొని వస్తాది సూడు."

పగలంతా ఆ రాయినే తూచే నాకు కూడా అది న్యాయంగానే తోచింది. బరువు మీద బతికే ఊరు మాది, బరువు చేయలేని పని ఉంటుందని మాకెవరికీ తట్టలేదు. ఏడాదికి సరిపడా జాడీలో దాచుకున్న చింతపండు మా అమ్మ మాట్లాడకుండా తెచ్చి ఇచ్చింది, అంతకన్నా తిట్టి ఇచ్చి ఉంటే బాగుండేది. రసం పోశాం, రాయి ముక్కలు వేశాం, మూతికి గుడ్డ చుట్టిన కొయ్య బిరడా బిగించాం. ఇద్దరం చెరోపక్క పట్టి ఎత్తబోతే అది లేవలేదు. దూలానికి తాళ్ళు కట్టి తొట్టిలలాగా వేలాడదీసి ఊపాం, దూలం మూలిగింది. ఆఖరికి మామ దాన్ని గని నుంచి రైల్వే సైడింగుకు పోయే లారీ మీద కట్టించాడు. ఆ దారి గుంతల్లో కూర్చున్న మనిషికే ఎముకలు వాటి చోట్లు మార్చుకుంటాయి, ఇక తుప్పెంత. సాయంత్రం లారీ డ్రైవరు దించుతూ, కారిన చింతపండు రసం వేలితో నాకి చూశాడు. "ఏమప్పా, దీంట్లో పులుసు పెట్టినారా? ఉప్పు తక్కవైంది" అన్నాడు.

బిరడా లాగి ట్యాంకు వంచాం. ఏమీ రాలేదు. కొట్టాం, కుదిపాం. చివరకు బూడిదరంగు ముద్ద, దోసెపిండిలాగా, జారీ జారనట్టు ఒక్క వేలు మేర దిగి ఆగిపోయింది. వేసిన రాళ్ళలో ఒక్కటీ రాయిగా మిగల్లేదు. పెట్రోలు పోయే గొట్టం మూసుకుపోయింది. తుప్పు ఎక్కడిదక్కడే ఉంది, దాని మీద ఈ పూత. మా నాయన ఆ ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూస్తూ కిందనే కూర్చుండిపోయాడు. అమ్మ వాకిట్లోంచి తమ్ముణ్ణి చూసింది.

"ఒరే, దినామూ తెల్లారి నేను ముగ్గేసేది ఏ రాయిపొడితోరా? చేత్తో నలిపితే పిండయ్యే రాయితో ఇనుము గీకేదానికి వచ్చినాడు, పెద్ద మొగోడు."

మామకు ఆ మాట మాత్రం వినపడింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

చేతికందిన ముద్దంతా ఆ రాత్రే కమ్మీతో తోడి పారేశాం, లోపల అంటుకున్నది మాత్రం నీళ్ళతో తప్ప పోదు. నీళ్ళెక్కడివి? బోరింగులు ఎండి, ట్యాంకరు వస్తేనే ఊరికి నీళ్ళు, వచ్చినా ఇంటికిన్ని బిందెలని లెక్క. ఒకరిని ఏదీ అడిగి ఎరగని మా నాయన మర్నాడు ఆ ఇనప ట్యాంకు భుజాన పెట్టుకొని, ఆడవాళ్ళ బిందెల వరసలో పోయి నిలబడ్డాడు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను, ఆ దూరం నాకిప్పటికీ కనిపిస్తుంది. పక్కింటి చిన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మనుషులు తాగేదానికి ల్యాక సస్తాంటే, ఇనప డబ్బాకు తలంటు పోస్తారంటనే. ఇంగ సాంబ్రాణి పొగ కూడా ఎయ్యి డ్రైవరన్నా."

వరసంతా నవ్వింది. మా నాయన తల వంచుకొని, ట్యాంకు దించకుండా అలాగే నిలబడ్డాడు. అప్పుడు మా అమ్మ వచ్చింది, తన వంతు బిందెలు పట్టుకుంది, ఇంటివైపు తిరగలేదు, నేరుగా తెచ్చి, నాయన చేత ట్యాంకు దింపించి అందులో పోసింది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగదని అక్కడున్న ప్రతి ఆడమనిషికీ అర్థమైంది. ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మ ఏదో గొణుక్కుంటూ వచ్చి తన బిందెలో సగం పోసింది, ఆ వెనక ఇంకొకామె. బూడిదనీళ్ళు వీధిలో వాగులాగా పారాయి. చిన్నమ్మ వాటిని చూస్తూ, పండగదాకా ముగ్గుకు ఇబ్బంది ల్యాదులే, అంది.

ఈసారి వంకలోంచి గట్టి తెల్ల పలుగురాళ్ళు ఏరుకొచ్చాం, ఇరుగుపొరుగు ఇళ్ళలో అమ్మ అడిగి తెచ్చిన చింతపండు పోశాం, తొట్టిల కట్టి వంతులవారీగా ఊపాం. అరచేతులు బొబ్బలెక్కి చిట్లి, ఆ రసం తగిలి మండుతున్నా మా నాయన తన వంతు నాకు ఇచ్చేవాడు కాదు. కడిగి, ఎండలో పెట్టి ఆరనిచ్చి, గోడకున్న అద్దం తీసి నేను ఎండను ట్యాంకు మూతిలోకి కొడితే, ఆయన ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత తప్పుకొని నన్ను చూడమన్నాడు. లోపల చేపపొట్టలాగా తెల్లగా మెరుస్తోంది. ఆయన ముఖం వైపు తిరిగితే, అద్దం నా చేతిలోంచి తీసుకొని గోడకు తగిలించడానికి వెళ్ళిపోయాడు.

దేవర రోజు పొద్దున్నే బయలుదేరాం. పెద్దవ్వ వెనక సీట్లో, ఒళ్ళో పసుపు కుంకుమల బుట్టతో. ముందు నేను, మా నాయన. ఓనరు జీపు మా వెనకాల, చూపంతా మా మీదే పెట్టి. రాజంపేట దాటింది, కడప దాటింది. ప్రతి ఊరి పొలిమేరలోనూ నాయన ఆపి గాజు గిన్నె చూసేవాడు, ఎర్రదనం చుక్కైనా లేదు. ముద్దనూరు దాటాక పెద్దవ్వ, ఏమప్పా, నీ బండి మల్లా పెండ్లికొడుకు అయినాదే, అని నవ్వింది. కోట మిట్ట మొదలయ్యే చోట కారు దగ్గింది. నాయన గేరు మార్చి, పసిబిడ్డ వీపు నిమిరినట్టు డాష్‌బోర్డు నిమిరాడు. కారు రెండుసార్లు వణికి, మళ్ళీ అందుకొని, మూలుగుతూ, పొగ కక్కుతూ మిట్ట ఎక్కేసింది. కోట గోడల దగ్గరికి రాగానే ఆయన హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయలేదు. ఆ మోతకు లోయలోని పావురాలన్నీ ఒక్కసారి లేచి ఎండను కప్పేశాయి. జీపులోంచి దిగిన ఓనరు తానే వచ్చి పెద్దవ్వ వైపు తలుపు తీశాడు.

ఇప్పుడు గండికోటకు అద్దాల కార్లలో వస్తున్నారు, లోయ అంచున ఫొటోలు తీసుకొని పోతున్నారు. ఏ కారైనా ఆగితే ఫోను చేస్తారు, ఇంకోటి వస్తుంది. దాని కడుపులో ఏముందో ఎండలో అద్దం పట్టి చూసే ఓపిక ఎవరికీ లేదు, అవసరమూ లేదనుకోండి. మా మేనల్లుడి కొత్త ట్యాంకు వచ్చేసింది. పాతది షాపు వెనక పారేశారు. ఒక వస్తువు బతకడం మీద ఒక మనిషి పేరు ఆధారపడిన కాలం, మంచిదో చెడ్డదో, మాతోనే ఆఖరు.

ఇంతవరకు చదివినవాళ్ళు ఇందులో ఏది అబద్ధమో ఒక అంచనాకు వచ్చే ఉంటారు. మీరనుకున్నవేవీ కావు, అవన్నీ జరిగినవే. నేను కల్పించింది మిట్ట ఎక్కడం. కారు ఎక్కలేదు. మిట్ట మొదట్లోనే దగ్గి ఆగిపోయింది. నాయన బానెట్టు ఎత్తాడు, గాజు గిన్నెలో ఎరుపు లేదు, బూడిదరంగు మడ్డి గడ్డకట్టి ఉంది. ట్యాంకు ఏ మడతలో దాక్కుందో మా రాయి, అంత దూరం ఓపికపట్టి అక్కడ దిగింది. కడిగాడు, పీల్చాడు, మళ్ళీ నిండింది. మళ్ళీ కడిగాడు. పెద్దవ్వను ఇద్దరు మనుషులు పట్టి జీపులోకి ఎక్కించారు, ఆమె తల తిప్పి మా నాయన వైపు చూడలేదు, చూడలేకపోయిందనుకుంటాను. దేవర డప్పులు పైనుంచి వినిపిస్తుంటే మేమిద్దరం పాత ఇనుము లారీ వచ్చి కారుకు గొలుసు కట్టేదాకా బంపరు మీద కూర్చున్నాం. ఆయన ఆ గిన్నెను చేతిలోంచి కింద పెట్టలేదు.

చాలా ఏళ్ళకు, ఒక పెండ్లి పందిట్లో నలుగురూ ఆ సంగతి చెప్పమని నన్ను పట్టుకున్నారు. మా నాయన రెండు కుర్చీల అవతల కూర్చుని ఉన్నాడు. నోటికొచ్చిన నిజం ఆయన్ను చూసి ఆగిపోయింది, కారును మిట్ట ఎక్కించేశాను. ఆయన కాదనలేదు, అవుననలేదు, విన్నాడు. ఆ తరవాత ఎవరింట్లో చెప్పినా అలాగే చెప్పాను, ఆయన అలాగే విన్నాడు. ఒకనాడు మాత్రం నేను చెప్పడం ముగించాక, చర్చిలో ఆ కడుపు మాట తప్ప ఒక్క అబద్ధమాడి ఎరగని ఆ మనిషి గొంతు సవరించుకొని, "హారన్ కొట్టింది చెప్పలేదే నువ్వు" అన్నాడు.

పావురాలు నావి. హారన్ ఆయనది.